గాజుతొట్టిలో తెల్లబడ్డ చేప

ఇప్పటి పిల్లలు చేపకు జబ్బు చేస్తే ఏం చేస్తారో నేను చూస్తూనే ఉన్నాను. ఫోనులో బొమ్మ తీసి ఎవరికో పంపుతారు. అవతలి మనిషి సీసా పేరు చెబుతాడు. సాయంత్రానికి సీసా గుమ్మంలో ఉంటుంది. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. కాకపోతే మా మనవరాలి గదిలోని గాజుతొట్టి ముందు కూర్చున్నప్పుడల్లా చింతామణిలో చూసిన ఒక చేప గుర్తొస్తుంది. ఆ సంగతి చెబుదామంటే మా పిల్ల చెవుల్లో ఎప్పుడూ ఏవో బిరడాలు ఉంటాయి. అందుకని మీకు చెబుతున్నాను. మధ్యలో లేచిపోకండి.

పంతొమ్మిదివందల అరవైల్లో నేను చిక్కబళ్ళాపురంలో, ప్రభుత్వ చేపల శాఖలో చిన్న ఉద్యోగం చేసేవాణ్ణి. కాగితాల మీద దానికి పొడుగాటి కన్నడం పేరు ఉండేది. జనానికి నేను ‘చేపల సారు’ను, అంతే. వానలు పడ్డాక బాగేపల్లి వైపు చెరువుల్లో పిల్లచేపలు వదలడం, కొన్నాళ్ళ తర్వాత వల వేయించి అవి బతికాయో, కొంగల పాలయ్యాయో చూడడం నా పని. గాజుతొట్టిలో చేపలు పెంచే ఇల్లు మా మూడు తాలూకాల్లో వెతికినా దొరికేది కాదు. మా ఆఫీసరు మంచివాడే గాని, తక్కెడలో వేస్తే ముల్లు కదలని చేపను ఆయన చేపగా లెక్కపెట్టేవాడు కాదు.

ఆయన ఒక చలికాలం పొద్దున నన్ను పిలిచి, నవ్వాలో కోప్పడాలో తేలని ముఖంతో చెప్పాడు.

“చింతామణిలో ఆడపిల్లల బడి ఒకటుండాది కదా. ఆడ తొట్టిలో చేపలకి తెల్లమచ్చలు వచ్చినాయంట. ఆ చేపల్ని పెట్టిన టీచరమ్మకి చేతిమీద తొన్ను ఉండాదంట. ఆమె చెయ్యి తగిలే చేపలకి వచ్చిందని, ఇంగ పిల్లలకీ వస్తాదని పెద్దోళ్ళు గలాటా చేస్తాండారు. నిజమా కాదా చెప్పమని మనల్ని అడుగుతాండారు. పో, ఏదో ఒకటి చెప్పి చేతులు దులుపుకుని రా.”

తొన్ను అంటే మీరు బొల్లి అంటారే, అది. చర్మం రంగు పోయి తెల్లబడడం. నొప్పి లేదు, పుండు లేదు, ఎవరికీ అంటదు. ఇవాళ బడిపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. ఆ రోజుల్లో ఆ మాట వినగానే జనం పక్కకు జరిగేవారు.

నేను చేతులు దులుపుకుని వచ్చే రకం కాదు, అదే నాతో చిక్కు. ఆఫీసులో బీరువా మీద దుమ్ము పట్టి ఉన్న ఇత్తడి మైక్రోస్కోపును చెక్కపెట్టెతో సహా దించి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. శిడ్లఘట్ట దాటేదాకా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ పెట్టె వంకే చూశాడు.

“యాడ భజనప్పా?” అన్నాడు చివరికి.

“భజన కాదప్పా. చేపల్ని చూసేదానికి.”

“చేపలకి హార్మోనియమా?” అని ఆయన ముక్కున వేలేసుకున్నాడు. చింతామణి వచ్చేవరకు మళ్ళీ నోరు విప్పలేదు. సర్కారు డబ్బు ఎట్లా పోతుందో ఆయనకు ఆ రోజు తెలిసొచ్చి ఉంటుంది.

బడి ఊరి చివర, పెంకుటిల్లు. హెడ్మిస్ట్రెస్ పెద్దావిడ, మెత్తని మనిషి. భయమంతా ముఖంలోనే ఉంది. తొట్టి ఉన్న గదిలోకి తీసుకుపోయింది. కిటికీ పక్కన బల్ల మీద గాజుతొట్టి, అందులో పసుపుపచ్చని నీళ్ళు.

“ఈ నీళ్ళేందమ్మా ఇట్లుండాయి?” అన్నాను.

“పసుపు వేసినారు సార్. చర్మానికి మంచిది కదా అని ఒకమ్మ ఇంటి నుంచి తెచ్చి వేసింది. ఇంగొకామె వేపాకు వేస్తానన్నింది, నేనే వద్దంటిని.”

తొట్టి అడుగున గులకరాళ్ళ మధ్య తెల్లగా ఏదో పేరుకుని ఉంది. కాస్త తీసి ముక్కు దగ్గర పెట్టి చూశాను. పెరుగన్నం. ఆడపిల్లలు మధ్యాహ్నం సద్ది విప్పుకుని, చేపలకూ ఒక ముద్ద పెట్టడం అక్కడి అలవాటట. బొరుగులైతే సరే, పెరుగన్నం ఏమిటంటే, పిల్లలు తినేదే పెడతారు కదా అంది పెద్దావిడ.

ఊళ్ళో పుట్టిన వాదన అంతా ఈ పెరుగన్నం మీదే నిలబడింది. చేప తిని పాలు తాగితే, చేపకూర మీద పెరుగు పోసుకుంటే తొన్ను వస్తుందని మా వైపు తల్లులందరూ పిల్లలకు చెబుతారు. మా అమ్మ కూడా చెప్పింది. టీచరమ్మ గుడి పూజ చేసుకునే ఇంటి పిల్ల, పుట్టి బుద్ధెరిగి చేప నోట పెట్టలేదు. మరి ఆమెకెట్లా వచ్చింది? చేపల నీళ్ళు ముట్టిన చేత్తోనే పెరుగన్నం కలుపుకుంది కాబట్టి వచ్చింది. చేపలకెట్లా వచ్చింది? ఆ చెయ్యి తగిలింది, పెరుగన్నమూ పడింది, ఇంకేం కావాలి? ఆమె చేతిమీద మచ్చ, చేపలు బెంగళూరు నుంచి రాకముందు నుంచే ఉంది. ఆ మాట చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

టీచరమ్మ గది మూలలో నిలబడి ఉంది. ఇరవై అయిదేళ్ళు ఉండవచ్చు. పొడుగు చేతుల జాకెట్టు, కుడిచేతికి మణికట్టు కిందిదాకా చుట్టుకున్న పైట కొంగు. నేను చూస్తే ఆ చెయ్యి ఇంకా లోపలికి పోయింది. ఆమెను తీసేయమని అర్జీ పెట్టిన వాళ్ళు మాట దాచుకోలేదు. ఒకసారి అంటురోగం అనే పేరుతో బయటికి పంపితే, ఆ జిల్లాలో ఏ బడీ ఆమెను పిల్లల దగ్గరికి రానివ్వదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తండ్రితో పోట్లాడి బెంగళూరులో సైన్సు చదివొచ్చిన మనిషి. పాఠం చెప్పడం తప్ప ఆమెకు ఇంకో కోరిక ఉన్నట్టు నాకు కనపడలేదు.

చేపలు బంగారురంగువి, బెంగళూరు నుంచి తెచ్చినవి. ఒక్కటి తప్ప అన్నిటి ఒళ్ళూ సన్న రవ్వ చల్లినట్టుంది. రెక్కలు ముడుచుకుని, ఉన్నట్టుండి గులకరాళ్ళకు ఒళ్ళు రాసుకుంటున్నాయి. ఆ ఒక్కటి అన్నిటిలోకి పెద్దది. దాని మీద రవ్వ లేదు. కానీ పొట్ట నుంచి వీపు దాకా దాని బంగారం పోతోంది. పక్కలు తెల్లగా, వెన్ను మీద మాత్రం నారింజరంగు చార. అది తొట్టంతా హాయిగా తిరుగుతోంది. తిండి కోసం నా వేలు వెంట గాజు చివరిదాకా వచ్చింది.

జనానికి ఈ రెండూ ఒకటే. తెల్లదనం తెల్లదనమే. రవ్వగా వచ్చి, పెద్ద మచ్చగా మారి, చివరికి చేపనంతా మింగుతుందని వాళ్ళ లెక్క. నిజం చెబితే మొదటి చూపుకు నేనూ అట్లాగే అనుకునేవాణ్ణేమో. పెట్టె తెచ్చుకోవడం మంచిదైంది.

ఒక చిన్న చేపను తడిగుడ్డలో పట్టుకుని, ఒంటి మీది జిగురును గాజుపలక అంచుతో మెల్లగా గీకి, నీటిబొట్టులో వేసి, మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీలోని ఎండవైపు తిప్పి చూశాను. అప్పటిదాకా పుస్తకంలో బొమ్మగా చూసిందే. మొదట ఏమీ లేదు, వెలుతురు. తర్వాత గుండ్రటి మసక ఒకటి. కన్ను అలవాటు పడ్డాక అది కదిలింది. తనలో తాను దొర్లుతోంది. ఒంటి చుట్టూ సన్నని నూగు, ఆ నూగంతా అలలు అలలుగా ఆడుతోంది. లోపల గుర్రపు లాడం ఆకారంలో ఒక నీడ. చేప మీద రవ్వగింజ అనుకున్నది ఒక ప్రాణి. తినడానికి నోరుంది, పోవడానికి దారుంది, తొందర ఉన్నట్టు తిరుగుతోంది. చెరువుల గట్ల మీద అన్నేళ్ళు తిరిగినవాణ్ణి, నీళ్ళంటే నాకు తెలుసనుకున్నాను.

“అమ్మా, ఇట్లా రాండి,” అని టీచరమ్మను పిలిచాను.

ఆమె వంగి చూసింది. చాలాసేపు కదలలేదు. మరింత స్పష్టంగా కనబడడానికి మర తిప్పాలి కదా, ఆ ధ్యాసలో కుడిచెయ్యి పైటలో నుంచి తనంతట తానే బయటికి వచ్చింది. మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా తెల్లగా, గోళ్ళ చుట్టూ గులాబీ రంగుతో ఉంది. ఆ వేళ్ళు ఇత్తడి మరను వెంట్రుకవాసి తిప్పి ఆగాయి.

“సార్, ఇది తిరుగుతాండాది,” అంది. “లోపల ఇంగా ఏవో తిరుగుతాండాయి.”

“అదేనమ్మా మీ తెల్లమచ్చ.”

“ఇదా? దీనికి నాకు ఏం సంబంధం?”

“ఏమీ లేదు. ఇది చేపను వదిలి మనిషి మీద బతకదు.”

ఆమె తలెత్తింది. అప్పుడు తన చెయ్యి చూసుకుని, మళ్ళీ కొంగులో పెట్టుకుంది.

చెప్పడం తేలిక, నయం చేయడం కష్టం. ఆ ప్రాణి చేప చర్మం కిందికి దూరి కూర్చుంటుంది. అక్కడ ఉన్నంతసేపు దాన్ని ఏ మందూ తాకదు. కడుపు నిండాక రాలిపోయి అడుగున గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి వందలవుతుంది. అవన్నీ బయటపడి చేపకోసం వెతుక్కుంటాయి. అట్లా వెతికేటప్పుడు మాత్రమే అవి మన మందుకు చిక్కేది. పైగా చలిలో దాని బతుకు నిదానంగా నడుస్తుంది, వెచ్చగా ఉంటే త్వరగా ముగుస్తుంది. అందుకని పసుపునీళ్ళు పారబోసి, అడుగు శుభ్రం చేసి, కల్లుప్పు కలిపిన నీళ్ళు పోయించాను. తొట్టి చుట్టూ గోనెపట్టా కట్టి, పైన పెద్ద బల్బు వేలాడదీయించాను. రోజూ కొంత నీరు తీసి, ఎండలో పెట్టిన కొత్తనీరు పోయాలి. ఆ పని ఎవరికి అప్పగించాలని హెడ్మిస్ట్రెస్ అడిగితే, “టీచరమ్మకే,” అన్నాను. ఆవిడ నీళ్ళు నమిలింది, కాని కాదనలేదు.

నేను చుట్టుపక్కల చెరువుల పని పెట్టుకుని చింతామణిలోనే దిగాను. అయిదారు రోజులకు చేపల ఒళ్ళు నిగనిగలాడాయి. ఒక్క గింజ లేదు. బడంతా సంబరం. నాకు మాత్రం లోలోపల గుబులు. రాలినవి అడుగున గూళ్ళలో ఉన్నాయని నాకు తెలుసు, మా ఉప్పు చాలిందో లేదో తెలియదు. అనుకున్నంతా అయింది. ఇంకో రెండు రోజులకు మళ్ళీ మచ్చలు వచ్చాయి, ముందుకంటే ఎక్కువగా. ఒక చిన్న చేప చచ్చిపోయింది.

ఆ పొద్దున బడి కమిటీ అధ్యక్షుడు వచ్చాడు. పెద్ద రైతు, జంగమకోటె దారిలో మల్బరీ తోట, ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. ఆయన వెంట, అందరికంటే ముందుండి అర్జీ పెట్టిన అమ్మ కూడా వచ్చింది. ఆమె పెద్దకూతురు ఆ బడిలోనే చదువుతోంది. ఆ పిల్ల బుగ్గమీద పాలిపోయిన చిన్న మచ్చ ఒకటి వచ్చింది. అది ఊరికే పోతుందని డాక్టరు చెప్పినా ఆ తల్లి నమ్మలేదు. ఆమెను తప్పుపట్టను. నా బిడ్డకు వస్తే నేనూ నిద్రపోయేవాణ్ణి కాదు.

“ఏమప్పా, నయమైందంటిరి కదా?” అన్నాడు అధ్యక్షుడు, చచ్చిన చేపను చూస్తూ.

గూళ్ళ సంగతి చెప్పాను. ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది.

“గూడు కట్టుకుంటాదా? మా పురుగు మాదిరి?”

“అంతేనప్పా. లోపల కూర్చుని మారతాది.”

“చూసేదానికి కుదురుతాదా?”

చూపించాను. ఆ పెద్దమనిషి తలపాగా తీసి పక్కన పెట్టి, ఒక కన్ను మూయడం చేతగాక అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత తలపాగా చుట్టుకుంటూ నెమ్మదిగా మాట్లాడాడు.

“చూడప్పా, నేను మొండిగా మాట్లాడతాండానని అనుకోవద్దు. మా పురుగులింట్లోకి ఊరికే ఎవుర్నీ రానీము. నా సొంత అన్న వచ్చినా కాళ్ళు కడుక్కొని వాకిట్లో కూర్చోవాల్సిందే. ఒక పురుగుకి తగిలితే తెల్లారేకి తట్టంతా పోతాది. అంటేది అంటే ఏందో నాకి తెలుసు. ఈడ ఉండేవి పురుగులు కాదు, ఆడపిల్లలు. ఇంగొక వారం చూస్తాను. ఆ పైన కమిటీ కూర్చుంటాది.”

నాకు ఆ మాటల్లో తప్పు దొరకలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఉప్పు కొంచెం పెంచాం. బల్బు పగలూ రాత్రీ వెలిగింది. టీచరమ్మ బడికి ముందు, బడి తర్వాత నీళ్ళు మార్చేది. గోనెపట్టా తొలగించి చేపల్ని చూసి మళ్ళీ కప్పేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె మైక్రోస్కోపు దగ్గర ఏదో ఒకటి పెట్టుకుని చూస్తూ ఉండేది. నీటిబొట్టు, నాచు, ఈగరెక్క, ఏదైనా సరే. ఉద్యోగం పోతుందో ఉంటుందో తెలియని మనిషి అంత సంతోషంగా ఎట్లా ఉండగలదా అని నాకు ఆశ్చర్యం. ఒకరోజు అడిగేశాను కూడా.

“పోతే ఇది కూడా పోతాది కదా సార్,” అంది మైక్రోస్కోపు వైపు చూపిస్తూ. “ఉన్నన్నాళ్ళు చూసుకుంటాను.”

మచ్చలు పోయాయి. ఈసారి మళ్ళీ రాలేదు. చిన్న చేపలన్నీ రెక్కలు విప్పుకుని బంగారు ముద్దల్లా తిరిగాయి. కాని ఆ పెద్ద చేప మాత్రం రోజురోజుకూ తెల్లబడుతూనే వచ్చింది. వెన్ను మీది నారింజ చార సన్నబడి దారమైంది. నా ఉప్పూ, నా వెచ్చదనమూ దాన్ని ఏమీ చేయలేదు. చేయవని నాకు తెలుసు. తెలియని వాళ్ళకు అదెట్లా కనబడుతుందో కూడా తెలుసు. రోగం ఉన్నవి నయమైనాయి, నయం కానిది టీచరమ్మదే అని బజారులో అనుకోవడం నా చెవిన పడింది.

కమిటీ కూర్చున్న రోజు శనివారం, పొద్దుటి బడి అయిపోయాక. చేపల గదిలోనే బెంచీలు వేశారు. అధ్యక్షుడు, మరికొందరు పెద్దలు, గుమ్మం దగ్గర తల్లులు. అర్జీ పెట్టిన అమ్మ అందరికంటే ముందు నిలబడింది. టీచరమ్మ తొట్టి పక్కన, చెయ్యి పైటలో.

“చిన్న చేపలకి వచ్చింది పురుగు, పోయింది. ఒప్పుకుంటాము,” అంది ఆ అమ్మ. “దీనికి ఏం వచ్చింది? ఇది యాల పోలేదు? చూడండప్పా, ఆమె చెయ్యి మాదిరే ఉండాది.”

గది అంతా ఆ చేపవైపు తిరిగింది. పాపం, దానికి ఇవేవీ పట్టలేదు. తిండి పెడతారేమోనని పైకి వచ్చి నోరు తెరిచింది.

నేను మాటలతో పోట్లాడదలచుకోలేదు. తడిగుడ్డలో ఆ చేపను పట్టుకుని ఒకే ఒక పొలుసు తీశాను. తర్వాత ఒక బంగారు చేప నుంచి ఒకటి. పొలుసు తీస్తే మళ్ళీ మొలుస్తుంది, మీరు కంగారు పడకండి. రెండిటినీ పక్కపక్కనే గాజు మీద పెట్టి ముందు నేను చూశాను.

పొలుసంటే మనకు వంటింట్లో గీకి పారేసేది కదా. అద్దం కింద అది వేరే లోకం. మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ గీత, గీత చుట్టూ గీత, ఎవరో కూర్చుని ఓపికగా ముగ్గు తిప్పినట్టు. తిండి బాగా దొరికిన రోజుల్లో గీతలు దూరదూరంగా, చలిరోజుల్లో దగ్గర దగ్గరగా. ఆ చేప బతికిన బతుకంతా అందులో ఉంది. బంగారు చేప పొలుసు అంచున పసుపు చుక్కలు, నారింజ చుక్కలు చల్లినట్టున్నాయి. తెల్ల చేప పొలుసు మీద ఆ చుక్కలు లేవు. అంతే తేడా. గీత చెదరలేదు, అంచు అరగలేదు, పుండు లేదు, పురుగు లేదు. పొలుసు పొలుసంతా నిండుగా ఉంది. రంగు మాత్రం వెళ్ళిపోయింది.

ఒక్కొక్కరినీ పిలిచి చూపించాను. చూసినవాళ్ళు పక్కకు వచ్చి కళ్ళు నులుముకుని మళ్ళీ వరుసలో నిలబడ్డారు. అర్జీ పెట్టిన అమ్మ అందరికంటే ఎక్కువసేపు చూసింది. చూసి గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయింది.

“ఇది రోగమా, కాదా?” అన్నాడు అధ్యక్షుడు.

“కాదప్పా.”

“అయితే యాల తెల్లబడింది?”

ఆ గదిలో అందరూ నా నోటివంక చూస్తున్నారు. పెద్ద మాట ఏదైనా వాడి ఉంటే నమ్మేవారు. ఇంగ్లీషు మాటైతే ఇంకా బాగా నమ్మేవారు. కాని ఆ పొలుసు చూసిన కళ్ళతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“తెలీదప్పా,” అన్నాను. “ఈ జాతి చేప పుట్టినప్పుడు నల్లగా ఉంటాది. పెరిగేకొద్దీ బంగారం వస్తాది. కొన్నిటికి ఆ బంగారమూ పోయి తెల్లగా అవుతాది. యాల అవుతాదో నాకి తెలీదు. నేను చదివిన పుస్తకంలోనూ లేదు.”

“తెలీదంటే మేమెట్ల తీర్పు చెప్పేదప్పా?” అన్నాడొక పెద్దాయన. గుమ్మం దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. టీచరమ్మ తల వంచుకుంది. పని చెడిపోయిందనే అనుకున్నాను.

అధ్యక్షుడు చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. లేచి తొట్టి దగ్గరికి వచ్చాడు. పురుగుల తట్టల మీద వంగినట్టే ఒంగి, చేపల్ని చూస్తూ అడిగాడు.

“ఏమమ్మా, ఈ పెద్ద చేప ఎప్పటినుంచి తెల్లబడతాండాది?”

“ఉగాది నుంచి సార్.”

“మిగతావి అప్పట్నించి దీంతోనే ఉండాయా?”

“దీంతోనే. ఒకటే నీళ్ళు.”

“నీళ్ళు మార్చేది ఎవరు?”

“నేనే.”

“ఏ చేత్తో?”

ఆమె కొంగు విప్పింది. ఆ తెల్లటి చెయ్యి అందరి ముందూ పెట్టింది. “ఈ చేత్తోనే సార్,” అని, తొట్టిలోకి దింపింది. చేపలు తిండి అనుకుని పరుగెత్తుకొచ్చాయి. వేళ్ళ సందుల్లో బంగారు చేపలు, అరచేతి మీద ఆ తెల్లది. ఏది వేలో, ఏది చేపో ఒక్క క్షణం నాకు తేలలేదు.

అధ్యక్షుడు బెంచీల వైపు తిరిగాడు.

“అంటేదే అయితే తట్టంతా పోయుండాల,” అన్నాడు. “ఉగాది నుంచి ఒకటే తొట్టి, ఒకటే నీళ్ళు, ఒకటే చెయ్యి. మిగతా చేపలకి ఒక చుక్క రంగు పోలేదు. పైగా జబ్బు చేసినవి నయమైంది కూడా ఈ చేతికిందనే. నేను పురుగులు పెంచేవాణ్ణి, నాకి ఇంతకంటే సాక్షి వద్దు.”

ఆయన టీచరమ్మతో అన్నాడు, “రేపు ఏడో క్లాసుకి ఏం పాఠమమ్మా?”

“రేపు ఆదివారం సార్,” అంది ఆమె. చెయ్యి ఇంకా నీళ్ళలోనే ఉంది.

“అయితే ఎల్లుండి చెప్పు,” అని ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

నేను తిరిగి చిక్కబళ్ళాపురం వచ్చి మా ఆఫీసరుకు జరిగింది చెప్పాను. చేప తూకం ఎంత అని అడిగాడు. ఇంక ఆయనతో ఏం మాట్లాడతాం.

సరే, అంతటితో అయిపోయిందా అంటే, అవలేదు. మనుషుల భయం తీర్పుతో పోదు. ఆమెను తీసేయలేదు గాని, కొందరు తల్లులు పిల్లల్ని ముందు బెంచీ నుంచి వెనక్కి జరిపించారని తర్వాత విన్నాను. అర్జీ పెట్టిన అమ్మ కూతుర్ని బడి మానిపించలేదు, టీచరమ్మతో మాట్లాడనూ లేదు. ఆ పిల్ల బుగ్గమీది మచ్చ డాక్టరు చెప్పినట్టే వానాకాలంలోపు మాయమైంది.

ఆ తర్వాత వచ్చిన విజయదశమి రోజు నేను చింతామణిలో ఉన్నాను. చెరువులో చేపలు పట్టిస్తున్నాం. పని తెమిలాక ఆ తెల్లచేపను చూసి పోదామని బడికి వెళ్ళాను. అక్షరాభ్యాసాలు జరుగుతున్నాయి. మా వైపు ఆ రోజు పసిపిల్లల్ని బడికి తెచ్చి, పళ్ళెంలో బియ్యం పోసి, అయ్యవారు పిల్ల చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం రాయిస్తారు. ఎవరు చెయ్యి పట్టి రాయిస్తే వాళ్ళ చదువు వస్తుందని నమ్మకం. తల్లులు అందుకని మంచి చెయ్యి చూసుకుని వస్తారు. హెడ్మిస్ట్రెస్ ముందు పెద్ద వరుస. టీచరమ్మ తొట్టి దగ్గర చాపమీద ఒక్కతే, పిల్లలకు పలకలు తుడిచిస్తూ కూర్చుని ఉంది. వెనక గాజులో ఆ చేప, వెన్ను మీది దారం కూడా పోయి, పూర్తిగా తెల్లగా, తోక ఊపుకుంటూ తిరుగుతోంది. అంత అందమైన చేపను నేను నా సర్వీసులో చూడలేదు.

అర్జీ పెట్టిన అమ్మ లోపలికి వచ్చింది. చంకలో చిన్నకూతురు, చేతిలో బియ్యం పళ్ళెం. వరుస వైపు చూసింది. అక్కడ నిలబడలేదు. నేరుగా వచ్చి పళ్ళేన్ని టీచరమ్మ ముందు పెట్టి, పిల్లను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టింది.

టీచరమ్మ పలక కింద పెట్టి, అలవాటు కొద్దీ కుడిచేతికి పైట కొంగు చుట్టుకుని, ఆ కొంగుతోనే పిల్ల వేలు పట్టుకోబోయింది.

“పైట తియ్యమ్మా,” అంది ఆ అమ్మ. “చెయ్యికి చెయ్యి తగలాల.”

టీచరమ్మ కొంగు తీసింది. ఆ తెల్లటి చెయ్యి పిల్ల చిన్న చేతిని పట్టుకుని బియ్యంలోకి దిగింది. బియ్యం ఎక్కడిదాకా, వేళ్ళు ఎక్కడినుంచో చూద్దామనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకునే లోపల అక్షరం పడిపోయింది.